మీ చెరువు నీళ్లు పచ్చబడుతున్నాయా? ఉపగ్రహ చిత్రాల్లో చూసుకోవడం ఇలా

"మా ఊరి చెరువు నీళ్లు ఎలా ఉన్నాయో ఉపగ్రహంలో చూసి చెప్తారా అండీ?" అని వారానికి ఒకరిద్దరైనా అడుగుతున్నారు. కొందరు చేపల సొసైటీ వాళ్లు, కొందరు కాలనీ అసోసియేషన్ వాళ్లు, మిగతావాళ్లు ప్రాజెక్టు గడువు మీద పడ్డ విద్యార్థులు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇదంతా ఒకచోట రాసేస్తున్నాను. కోడింగ్ రానక్కర్లేదు. రెండు ఆదివారాలు కూర్చుంటే చేయి తిరుగుతుంది.

ముందే ఒక మాట చెప్పుకుందాం. ఉపగ్రహం నీళ్లను రుచి చూడదు, వాసన చూడదు. రంగు చూస్తుంది, అంతే. చెరువు నీటి రంగును మార్చేవి ముఖ్యంగా మూడు: పాచిలో ఉండే క్లోరోఫిల్, నీళ్లలో తేలే మట్టి, ఆకులూ అలములూ కుళ్లి దిగే డికాషన్ లాంటి గోధుమ రంగు. మొదటి రెంటినీ మనం బాగానే పట్టుకోవచ్చు. మూడోది కష్టం, ఇక్కడ దాని జోలికి వెళ్లను. నైట్రేటు, ఫాస్ఫేటు, సీసం, పాదరసం, ఈ-కోలై, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ ఇవేవీ నేరుగా కనపడవు. కాబట్టి "ఈ నీళ్లు తాగొచ్చా?" అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు లేదు. దానికి సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపాల్సిందే. వినాయక నిమజ్జనం అయిన మర్నాడు "రంగుల విషం ఎంత కలిసిందో చూడండి" అని అడుగుతుంటారు. రంగుల్లోని లోహాలు ఉపగ్రహానికి కనపడవు. నీళ్లు కలకబారితే అది కనపడొచ్చు, అదీ సెప్టెంబరు మబ్బులు పక్కకు తప్పుకుంటేనే.

మరి దేనికి పనికొస్తుంది? చెరువులో ఏ మూల పచ్చబడుతోంది, ఏ నెలలో మొదలైంది, ఐదేళ్ల కిందట ఇలాగే ఉండేదా, ఈ మూడింటికీ ల్యాబ్ సీసా జవాబు చెప్పలేదు. ఉపగ్రహం చెబుతుంది.

కావలసినవి

ఇంటర్నెట్ ఉన్న ల్యాప్‌టాప్. ఫోన్‌లో బొమ్మలు చూడొచ్చు గానీ లెక్కలు తీయడం నరకం.

కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచిత ఖాతా. ఇది యూరప్ వాళ్ల ఉపగ్రహ చిత్రాల సైటు. పేరు వెతికితే మొదటే వస్తుంది.

క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, మ్యాపుల మీద కొలతలూ లెక్కలూ తీసేది. ఇదీ ఉచితమే.

ఒక ఎక్సెల్ పట్టీ. చిత్రాలకన్నా ఇదే ముఖ్యమని రెండో నెలలో మీకే తెలుస్తుంది.

ఒక స్టీలు పళ్లెం, తాడు, ఒక బరువైన రాయి. ఎందుకో చివర్లో చెప్తాను.

అన్నిటికన్నా ముందు తగినంత పెద్ద చెరువు ఉండాలి. మనకు కావలసిన చిత్రంలో ఒక్కో గడి 20 మీటర్లు. గట్టు పక్కన రెండు గడులు వదిలేయాలి, ఎందుకంటే వాటిలో నీళ్లూ గడ్డీ కలిసిపోయి ఉంటాయి. ఐదెకరాల కుంట చదరంగా ఉందనుకుంటే ఒక్కో పక్క సుమారు 142 మీటర్లు. రెండు వైపులా 40 చొప్పున తీసేస్తే మిగిలేది 60 మీటర్లు, అంటే మూడు మూళ్ల తొమ్మిది గడులు. తొమ్మిది గడులతో చెరువు సంగతి తేల్చడం అయ్యే పని కాదు. అదే పాతిక ఎకరాలైతే 140 గడుల దాకా మిగులుతాయి. అంతకన్నా చిన్నదైతే వదిలేసి, సైకిల్ మీద వెళ్లి చూసి రండి, అదే మేలు.

ఏ ఉపగ్రహం?

సెంటినెల్-2. మొదటిది 2015 జూన్‌లో, రెండోది 2017 మార్చిలో వెళ్లాయి, 2024 సెప్టెంబరులో మూడోది చేరింది. రెండు పనిచేస్తుంటే ఐదు రోజులకోసారి మీ చెరువు మీదుగా వెళ్తాయి, ఉదయం పదిన్నర దాటాక.

"మన ఇస్రో చిత్రాలు పనికిరావా?" అని తప్పకుండా అడుగుతారు. చెరువు విస్తీర్ణానికి, కబ్జాలు చూడటానికి రిసోర్స్‌శాట్ చిత్రాలు చక్కగా పనికొస్తాయి. పాచి దగ్గరే ఇబ్బంది. క్లోరోఫిల్ 665 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎరుపు వెలుగును మింగేస్తుంది. పాచి ఎక్కువున్న నీళ్లలో 705 దగ్గర వెలుగు గుట్టలా పైకి లేస్తుంది. ఈ రెంటి తేడాయే మన కొలత. సెంటినెల్-2 ఒక్కో రంగు వెలుగును ఒక్కో బ్యాండుగా విడిగా చూస్తుంది: 665ని చూసేది బీ4 బ్యాండు, 705ని చూసేది బీ5. ఆ 705 బ్యాండు రిసోర్స్‌శాట్‌లో లేదు, ల్యాండ్‌శాట్‌ 8, 9లలోనూ లేదు. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి దిగుదాం.

ఉదాహరణకు హుస్సేన్‌సాగర్‌ని తీసుకుంటున్నాను. పెద్దది, అందరికీ తెలిసినది, పైగా వాయవ్యాన కూకట్‌పల్లి నాలా వచ్చి కలుస్తుంది కాబట్టి చెరువులోనే ఒక మూలకీ ఇంకో మూలకీ తేడా వెతకొచ్చు. మీరు మీ చెరువు పెట్టుకుని చేసుకోండి.

1. ముందు కంటితో చూడండి

బ్రౌజర్ తెరిచి, మీ ఊరి పేరు కొట్టి, చెరువు దగ్గరికి వెళ్లండి. డేటా జాబితాలో సెంటినెల్-2 ఎల్2ఏ ఎంచుకోండి. ఎల్1సీ అని ఇంకోటి ఉంటుంది, అందులో గాలి పొర మసక ఇంకా తీసేసి ఉండదు. ఒక తేదీకి ఎల్1సీ, ఇంకో తేదీకి ఎల్2ఏ వాడి పోల్చారంటే చేసిన పనంతా వృథా.

ట్రూ కలర్ పెట్టండి. చెరువు నల్లగా కనిపిస్తుంది. నీళ్లు వెలుగును చాలా తక్కువగా తిప్పి పంపుతాయి, అంతే. బ్రైట్‌నెస్ పెంచితే అసలు రంగు తేలుతుంది. వెంటనే ఫాల్స్ కలర్‌కి మారండి. ఇందులో బతికున్న మొక్క ఏదైనా ఎర్రగా మెరుస్తుంది, నీళ్లు నల్లగానో నీలంగానో ఉంటాయి.

ఈ మెట్టు దాటేసి నేరుగా లెక్కల్లోకి దూకకండి. ఓ పది తేదీలు ఊరికే తిప్పి చూడండి. నాలా ఎక్కడ కలుస్తోంది, అలుగు ఎటు ఉంది, ఎండాకాలంలో ఏ వైపు నేల బయటపడుతోంది, ఇవన్నీ కంటికి అలవాటు కావాలి. రేపు లెక్కలో ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని కాపాడేది ఈ అలవాటే.

2. తేదీలు ఏరుకోండి

క్యాలెండర్‌లో చిత్రం ఉన్న తేదీలు గుర్తు పెట్టి ఉంటాయి. మబ్బు శాతాన్ని బట్టి వడపోసే పట్టీ కూడా ఉంటుంది. దాన్ని గుడ్డిగా నమ్మకండి. ఆ శాతం మీ చెరువుది కాదు, సుమారు 110 కిలోమీటర్ల చదరం మొత్తానిది. 60 శాతం మబ్బున్న రోజున మీ చెరువు మీద ఆకాశం అద్దంలా ఉండొచ్చు. 5 శాతమే ఉన్న రోజున ఆ 5 శాతమూ సరిగ్గా మీ చెరువు మీదే తిష్ఠ వేసి ఉండొచ్చు. వడపోత వదిలేసి ఒక్కో తేదీ కంటితో చూసుకోండి. విసుగే, తప్పదు.

కంటికి కనపడే మబ్బుతో పేచీ లేదు. దొంగ మబ్బులు మూడు రకాలు.

ఒకటి, పలచటి తెర మబ్బు. బొమ్మ కాస్త పాలిపోయినట్టు ఉంటుంది, అంతే.

రెండు, మబ్బు నీడ. మబ్బు గట్టు అవతల ఉంటుంది, నీడ చెరువులో పడుతుంది. నీళ్లు ఎలాగూ నల్లనివి కాబట్టి నీడ కనపడదు. చెరువు చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల దాకా చూసి, దగ్గర్లో మబ్బుంటే ఆ తేదీ పక్కన పెట్టండి.

మూడు, నీటి మీద ఎండ తళుకు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉండే రోజుల్లో ఇది ఎక్కువ. గాలికి అలలు లేచి ఎండ నేరుగా ఉపగ్రహం కంట్లో కొడుతుంది. చెరువంతా వెండిలా కనిపిస్తుంది.

మూడింట్లో తెర మబ్బునీ తళుకునీ పట్టే ఉపాయం ఒకటుంది. బీ11 బ్యాండు చూడండి. అది చూసే వెలుగును నీళ్లు దాదాపు పూర్తిగా మింగేస్తాయి, కాబట్టి చెరువు నడిమధ్యలో విలువ (పడిన వెలుగులో తిరిగొచ్చే వంతు, దాన్ని అంకెగా తీయడం ఐదో మెట్టులో చెప్తాను) సున్నాకి దగ్గరగా ఉండాలి. 0.03 దాటితే నేను ఆ తేదీ కొట్టేస్తాను. ఇది నా అనుభవం మీద పెట్టుకున్న గీత, గ్రంథాల్లోది కాదు.

వానాకాలంలో నెలకు ఒక్క మంచి చిత్రం దొరికినా అదృష్టమే. మబ్బుల్లోంచి చూసే సెంటినెల్-1 రాడార్ ఉంది, కానీ దానికి రంగు తెలియదు. నీళ్లు ఎంత మేర ఉన్నాయో మాత్రం చెబుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పట్టీలో ఖాళీలు ఉంటాయని ఒప్పేసుకోండి. అటూ ఇటూ తేదీలు చూసి మధ్యలో గీత కలిపేయకండి.

3. గుర్రపు డెక్క సంగతి తేల్చండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. మొదటి ఏడాది ఒక చెరువు విస్తీర్ణం రెండు నెలల్లో సగానికి పడిపోయినట్టు లెక్క వచ్చింది. నీటిని గుర్తించే సూచిక అలా చెప్పింది, నేను నమ్మేశాను. "కబ్జా జరుగుతోంది" అని వాట్సాప్ గ్రూపులో మ్యాపు పెట్టేశాను. వచ్చే ఆదివారం నలుగురం కలిసి వెళ్తే, చెరువు ఎక్కడిదక్కడే ఉంది. సగం మేర గుర్రపు డెక్క పరుచుకుని, ఊదా పూలతో కళకళలాడుతోంది. కట్ట మీద బర్రెలు మేపుకుంటున్న పెద్దాయన "ఏం కొలుస్తరు బిడ్డా" అని అడిగితే చెప్పడానికి నోరు రాలేదు.

జరిగింది ఏమిటంటే, నీటిని గుర్తించే సూచిక ఆకుపచ్చకీ పరారుణానికీ తేడా చూస్తుంది: (బీ3 − బీ8) ÷ (బీ3 + బీ8). సున్నాకి పైనుంటే నీళ్లు, కిందికి పోతే నేల. డెక్క ఆకు పరారుణాన్ని గట్టిగా తిప్పి పంపుతుంది కాబట్టి దాన్ని నేల కింద జమ కట్టేసింది.

దీనికి రెండో ముఖం ఇంకా ప్రమాదం. చెరువు హద్దు మీరే గీసి, డెక్కను తీసేయకుండా పాచి సూచిక లెక్కేస్తే, డెక్క మీద విలువ ఆకాశానికి అంటుతుంది. నీళ్లలో పాచి లేకపోయినా "భయంకరమైన పాచి" అని వస్తుంది.

కాబట్టి పచ్చదనం సూచిక (బీ8 − బీ4) ÷ (బీ8 + బీ4) తీసి, 0.4 దాటిన గడులన్నీ మొక్క అనుకుని పక్కన పెట్టండి. ఆ గడులెన్నో విడిగా రాసుకోండి, అదీ పనికొచ్చే సమాచారమే.

మీగడలా పైకి తేలిన పాచి కూడా ఒక్కోసారి ఈ గీత దాటుతుంది. అప్పుడు ఐదు రోజుల తర్వాతి చిత్రం చూడండి. డెక్క చాపల్లా ఉంటుంది, అంచులు తెగినట్టుంటాయి. గాలికి ఒక పక్కకు కొట్టుకుపోయినా చాప చాపలాగే పోతుంది. పాచి మీగడ సుడులు సుడులుగా, పొగలా ఉంటుంది, వారం తిరిగేసరికి ఆకారమే మారిపోతుంది.

4. పాచి సూచిక తెర మీద చూడండి

బ్రౌజర్‌లో కస్టమ్ అనే చోటికి వెళ్లి ఇండెక్స్ ఎంచుకోండి. రెండు బ్యాండులు అడుగుతుంది. మొదటిది బీ5, రెండోది బీ4. సూత్రం (బీ5 − బీ4) ÷ (బీ5 + బీ4). దీన్ని ఎన్‌డీసీఐ అంటారు, 2012 నుంచి వాడుకలో ఉంది. రంగుల హద్దులు −0.2 నుంచి 0.5 దాకా పెట్టుకుంటే తేడాలు బాగా కనపడతాయి.

పొరపాటున బీ4 ముందు పెట్టారంటే అంతా తలకిందులు అవుతుంది. చెరువు పక్కన చెట్లున్న చోట విలువ ఎక్కువ రావాలి. రాకపోతే బ్యాండులు తారుమారు అయినట్టే.

విలువ ఎంతుంటే ఎంత పాచి? అమెరికా తీరప్రాంతపు నీళ్ల మీద ఈ సూచికను తయారు చేసినప్పుడు ఇచ్చిన నిచ్చెన ఇలా ఉంటుంది: సున్నా దగ్గర లీటరుకు సుమారు 16 మైక్రోగ్రాముల క్లోరోఫిల్, 0.2 దగ్గర సుమారు 33, 0.5 దాటితే తీవ్రమైన పాచి. ఆ అంకెలు మీ చెరువుకు అతికించకండి. మన చెరువుల మట్టి వేరు, పాచి జాతులు వేరు. నిచ్చెనలో పైకి వెళ్తున్నామా కిందికి దిగుతున్నామా అన్నంత వరకే వాడుకోండి.

తేట నీళ్లున్న చోట ఇంకో చిక్కు. బీ4, బీ5 రెండూ 0.01 కన్నా తక్కువున్నప్పుడు చిన్న అంకెను చిన్న అంకెతో భాగిస్తున్నట్టు. రవ్వంత మసకకే సూచిక ఎగిరి గంతులేస్తుంది. పచ్చటి చెరువుల్లో బాగా పనిచేసే ఈ కొలత, తేట చెరువుల్లో ఊరికే టెన్షన్ పెడుతుంది.

పాచితో పాటు మట్టినీ చూడండి: (బీ4 − బీ3) ÷ (బీ4 + బీ3). పెద్ద వాన పడ్డాక ఎర్రనీళ్లు చెరువులోకి దిగితే ఇది పైకి లేస్తుంది. బురద మరీ ఎక్కువైన రోజుల్లో పాచి సూచికను పట్టించుకోకపోవడమే మంచిది.

5. అంకెలు తీయండి

బొమ్మలు చూసి మురిసిపోవడం దాకా అందరూ వస్తారు. అంకెల దగ్గరికి వచ్చేసరికి సగం మంది ఆగిపోతారు.

చెరువు చుట్టూ కాస్త పెద్దగా గీత గీసి, డౌన్‌లోడ్‌లో అనలిటికల్ అనే భాగానికి వెళ్లండి. టిఫ్ 32-బిట్ ఫ్లోట్ ఎంచుకోండి. యూటీఎం (దూరాలు మీటర్లలో ఉండే మ్యాపు పద్ధతి) పెట్టుకోండి: హైదరాబాద్, విజయవాడ, విశాఖ అయితే 44 ఉత్తరం, అనంతపురం అయితే 43. రెజల్యూషన్ 20 మీటర్లు. బీ3, బీ4, బీ5, బీ8, బీ11 ముడి బ్యాండులు దించుకోండి. క్యూజీఐఎస్‌లో తెరిచి చెరువు మధ్యలో నొక్కి చూడండి. విలువలు 0.02, 0.05 ఇలా ఉండాలి. వేలల్లో కనిపిస్తే 32-బిట్ బదులు 16-బిట్ దించారన్నమాట.

ఇప్పుడు చెరువు హద్దు గీయండి. ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పటి హద్దు) వద్దు. ఆ రోజున నిజంగా నీళ్లున్న మేరకే గీయాలి. ఏడాది పొడుగునా పోల్చాలంటే ఎండాకాలపు కనిష్ఠ మేర గీసుకుని అన్ని తేదీలకూ అదే వాడండి. తర్వాత బఫర్ పనిముట్టుతో −40 ఇచ్చి హద్దును లోపలికి లాగండి. ఇక్కడ చాలామంది "హద్దు మాయమైపోయిందండీ" అని రాస్తారు. మీరు యూటీఎం పెట్టకుండా అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే, −40 అంటే నలభై మీటర్లు కాదు, నలభై డిగ్రీలు! దేశం దాటిపోతుంది, చెరువు ఒక లెక్కా?

హుస్సేన్‌సాగర్ అయితే బుద్ధ విగ్రహం ఉన్న బండ చుట్టూ కూడా అంతే వదిలేయండి. బండ, పడవలు ఆగే చోట్లు నీళ్లు కావు. మొత్తం చెరువుకు ఒక్క హద్దు కాకుండా మూడు గీయమంటాను: నాలా కలిసే వాయవ్య మూల ఒకటి, నడిమి భాగం ఒకటి, ట్యాంక్‌బండ్ వైపు ఒకటి. చెరువంతటికీ ఒకే సగటు తీస్తే, నాలా దగ్గర మొదలైన పచ్చదనం సగటులో కరిగిపోయి నెల తర్వాత గానీ బయటపడదు.

రాస్టర్ కాలిక్యులేటర్‌లో పాచి సూచిక, పచ్చదనం సూచిక రెండూ తీయండి. డెక్కను తీసేసేటప్పుడు పాచి సూచికను "పచ్చదనం 0.4 కన్నా తక్కువ" అన్న షరతుతో (నిజమైన గడిలో 1, కాని గడిలో 0 వస్తుంది) గుణించకండి. గుణిస్తే డెక్క గడులన్నీ సున్నాలై, అవీ సగటులో కలిసిపోతాయి. షరతుతో భాగించండి. సున్నాతో భాగించిన గడులు ఖాళీ అయిపోతాయి, మనకు కావలసిందీ అదే.

చివరగా జోనల్ స్టాటిస్టిక్స్ (ఒక్కో హద్దులోని గడుల లెక్క తీసే పనిముట్టు) నడిపి మూడు హద్దులకూ మధ్యస్థం (విలువల్ని వరుసగా పేర్చితే నడుమ పడేది), గడుల సంఖ్య తీసుకోండి. సగటు కన్నా మధ్యస్థం మేలు. ఒక పడవ, ఒక డెక్క తునక వచ్చినా అది చలించదు. గడుల సంఖ్య ఎందుకంటే, మామూలుగా 400 వచ్చే చోట ఒక తేదీన 120 వచ్చిందంటే ఏదో అడ్డం వచ్చినట్టు. ఆ అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

6. పట్టీ రాయండి, జోడీ చెరువుతో సరిచూడండి

ఒక్కో తేదీకి ఒక వరుస: తేదీ, మూడు మూలల పాచి విలువలు, మట్టి విలువ, డెక్క గడులు, బీ11 విలువ, గడుల సంఖ్య, ఆఖర్న ఒక మాట ("మంచి చిత్రం", "తూర్పున మబ్బు", "అనుమానం"). ఆ ఆఖరి గడి ఖాళీగా వదిలితే ఆర్నెల్ల తర్వాత మీరే నెత్తి కొట్టుకుంటారు.

జోడీ చెరువు కిటుకు నాకు బాగా అక్కరకొచ్చింది. మీ చెరువుకు దగ్గర్లో, దానితో సంబంధం లేని ఇంకో చెరువుకూ అవే అంకెలు తీయండి. హుస్సేన్‌సాగర్‌కు జోడీగా గండిపేట చెరువు పెట్టుకోవచ్చు, ఉపగ్రహం ఒకసారి వెళ్లేటప్పుడే రెండూ పడతాయి. ఒక తేదీన రెండు చెరువులూ ఒకేసారి గెంతితే తప్పు ఆకాశానిది. ఒక్కటే గెంతితే, అప్పుడు ఆ చెరువులో ఏం జరిగిందో ఆలోచించండి.

కొల్లేరు వాళ్లకు ప్రత్యేకంగా: అక్కడ సరస్సుకూ చేపల చెరువులకూ మధ్య గట్టే అడ్డం. చేపల చెరువుల్లో నీళ్లు పచ్చగా ఉండేట్టు రైతులే ఎరువులు వేసి చూసుకుంటారు, బొచ్చె, రాగండి పెరగాలంటే పచ్చనీళ్లు కావాలి మరి. ఒక్క చెరువు హద్దులోకి దూరినా "కొల్లేరు పాడైపోయింది" అని లెక్క చెబుతుంది. హద్దు గీయడానికే ఒక పూట పెట్టుకోండి.

పాత చిత్రాలు కలిపేవాళ్లకు హెచ్చరిక

బ్రౌజర్ బదులు పూర్తి ఫైళ్లు దించుకుని వాడేవాళ్లు ఇది తప్పక చదవండి. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ఫైళ్లలో ప్రతి విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. తీసివేయడం మరిచిపోతే ఏమవుతుందో చూడండి. బీ5 విలువ 900, బీ4 విలువ 600 అనుకోండి. 300ని 1500తో భాగిస్తే 0.2. అదే వెయ్యేసి కలిసి 1900, 1600 అయితే? 300ని 3500తో భాగించాలి, 0.086 వస్తుంది. నీళ్లు అవే, పాచి అంతే, కానీ సూచిక సగానికి పైగా పడిపోయింది. 2022 నుంచి చెరువు బాగుపడిందని గ్రాఫు గీసి నాకు పంపినవాళ్లు ఇద్దరున్నారు. 1000 తీసేసి, 10,000తో భాగించి అప్పుడు వాడండి. కోపర్నికస్ బ్రౌజర్ ఈ పని తనే చేసి ఇస్తుంది.

7. నీళ్ల దగ్గరికి వెళ్లండి

ఉపగ్రహం వెళ్లే రోజు ముందే తెలుసు కదా, ఐదేసి రోజులు లెక్కపెట్టుకుంటే సరి. ఆకాశం తేటగా ఉన్న రోజున ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపల చెరువు మీదికి వెళ్లండి. సాయంత్రం వెళ్లి తెచ్చిన నీళ్లను ఉదయం చిత్రంతో పోల్చకండి. పాచి ఎండను బట్టి నీళ్లలో పైకీ కిందికీ కదులుతుంది.

స్టీలు పళ్లెం ఇప్పుడు తీయండి. 20 సెంటీమీటర్ల వెడల్పుది తీసుకుని నాలుగు భాగాలు చేసి, నలుపు తెలుపు మార్చి మార్చి రంగు వేయండి. మధ్యలో కన్నం పెట్టి తాడు కట్టండి, అడుగున రాయి కట్టండి. తాడుకు పది సెంటీమీటర్లకో ముడి. దీన్ని సెక్కీ పళ్లెం అంటారు, 1865లో ఇటలీకి చెందిన సెక్కీ అనే ఫాదరీ మొదలుపెట్టాడు, నేటికీ ఇంతకన్నా చవకైన పనిముట్టు రాలేదు. చేపలు పట్టేవాళ్ల తెప్ప మీద, లైఫ్ జాకెట్ వేసుకుని, వాళ్లను వెంటబెట్టుకునే వెళ్లండి. తెప్ప నీడ పడే వైపు పళ్లెం దించండి. మాయమైన లోతు రాసుకోండి. పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు రాసుకోండి. రెంటి సగటే మీ కొలత. బాగా పచ్చబడ్డ చెరువులో మూర లోతుకే మాయమవుతుంది.

గట్టు పక్కన కొలవకండి, కనీసం 60 మీటర్లు లోపలికి వెళ్లాలి. లేకపోతే మీరు కొలిచిన చోటు చిత్రంలో మనం వదిలేసిన గడుల్లో పడుతుంది. ప్రతిచోటా ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకోండి. డబ్బులుంటే అక్కడే నీళ్లు పట్టి క్లోరోఫిల్ పరీక్షకు ఇవ్వండి. సీసాకు వెలుగు తగలకుండా అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చాలి. ఎండలో బైకు సంచిలో తిరిగిన సీసా ఇచ్చే అంకెకు విలువ లేదు.

వేర్వేరు నెలల్లో ఇలా పది పదిహేను జతలు కుదిరితే, ఒక అక్షం మీద సూచిక, ఇంకో అక్షం మీద పళ్లెం లోతు పెట్టి చుక్కలు వేయండి. సూచిక పెరిగేకొద్దీ లోతు తగ్గుతూ చుక్కలు ఒక దారిన పడితే మీ చెరువుకు ఈ పద్ధతి పనిచేస్తున్నట్టు. చెల్లాచెదురుగా పడితే మీ చెరువులో పాచికన్నా మట్టి పెత్తనం ఎక్కువని అర్థం. అప్పుడు మట్టి సూచికతో మళ్లీ వేసి చూడండి. అదీ కుదరకపోతే గాలి పొర సవరణను నీళ్లకోసమే చేసే అకోలైట్ లాంటి సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లాలి. బ్రౌజర్ ఇచ్చే ఎల్2ఏ సవరణ నేలను దృష్టిలో పెట్టుకుని చేసింది, నీళ్లకు అది అత్తెసరే.

విలువ పెరుగుతూ పోతే ఏం చేయాలి?

వరుసగా మూడు మంచి చిత్రాల్లో పెరిగి, జోడీ చెరువులో పెరగకపోతే ముందు చేపల సొసైటీకి ఫోన్ చేయండి. పాచి పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. దట్టమైన పాచి ఉన్న చెరువు మీద రెండు మూడు రోజులు మబ్బు పట్టిందంటే తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటి చేపలు తేలే ప్రమాదం ఉంది. ఆ ఆక్సిజన్ ఉపగ్రహానికి కనపడదు, కానీ దానికి ముందు వచ్చే పచ్చదనం కనపడుతుంది. చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమో వాళ్లను చూడమనండి.

అధికారులకు అర్జీ పెట్టేటట్టయితే "చెరువు విషమైంది" అని రాయకండి, ఆ మాటకు మీ దగ్గర ఆధారం లేదు. చిత్రం తేదీలు, నాలా మూలన వచ్చిన విలువలు, చెరువు నడిమి భాగం విలువలు, అదే రోజున జోడీ చెరువు విలువ, పళ్లెం లోతు, ఫోన్‌లో తీసిన ఫొటో, ఇవి పక్కపక్కన పెట్టి, "ఫలానా చోట నీళ్లు పట్టి పరీక్ష చేయించండి" అని ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా అడగండి.